హై రోప్స్ కోర్స్: ఎక్కే ముందు, ఎక్కాక, దిగాక

మీరు నేల నుంచి పది మీటర్ల ఎత్తులో నిలబడి ఉన్నారు. పాదాల కింద వేలు లావున్న ఉక్కు తీగ ఒక్కటే ఉంది. నోరు ఎండిపోయింది, మోకాళ్లు వాటంతట అవే వణుకుతున్నాయి. నడుముకీ తొడలకీ బిగించిన హార్నెస్ పట్టీలు ఉన్నాయని, తాడు తెగదని మనసుకి తెలుసు. ఒళ్లు మాత్రం ఆ మాట వినడం లేదు. కింద ఆరుగురు తలలు పైకెత్తి చూస్తున్నారు. వాళ్లలో ఒకరు నిదానంగా అంటారు: “ఎడమ కాలు ఒక్క జానెడు జరుపు. తాడు నా చేతిలోనే ఉంది.” మీరు జరుపుతారు.

నా దృష్టిలో హై రోప్స్ కోర్స్ అంటే ఆ ఒక్క జానెడే. స్తంభాలు, తీగలు, ఊగే వంతెనలు, చివర్లో జిప్‌లైన్, అన్నీ ఆ క్షణం కోసం కట్టినవే. టీమ్‌లను ఈ తాళ్ల మీదికి తీసుకెళ్లే పని నేను చాలాకాలంగా చేస్తున్నాను. పై చివరిదాకా చకచకా ఎక్కి, చప్పట్లు కొట్టించుకుని, ఏమీ మారకుండా ఇంటికి వెళ్లిపోయినవాళ్లను చూశాను. నిచ్చెన ఐదో మెట్టు దగ్గర ఆగి “నాకు ఇక్కడివరకే కుదురుతోంది, కాస్త ఆగుతాను, ఎవరైనా మాట్లాడుతూ ఉండండి” అని నోరు తెరిచి చెప్పిన మనిషి వల్ల టీమ్ మొత్తం మెత్తబడటమూ చూశాను. తన హద్దు ఎక్కడుందో పైకి చెప్పడం, సాయం అడగడం, ఈ రెండూ నేర్చుకుంటే రోజు వృథా కానట్టే. అందుకే ఇందులో ఎక్కడం గురించి ఉన్నంత, నేలమీద జరగాల్సిన మాటల గురించీ ఉంటుంది.

ఈ పద్ధతి ఎక్కడిది

20వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచ్ నౌకాదళ అధికారి జార్జ్ ఎబేర్ పరుగు, దూకడం, పాకడం, బరువులు మోయడం కలిపి ఒక వ్యాయామ పద్ధతి తయారుచేశాడు. అడ్డంకులు దాటుతూ సాగే దారులు అందులో భాగం. 1941లో వేల్స్‌లోని అబర్‌డోవీ అనే తీర గ్రామంలో విద్యావేత్త కర్ట్ హాన్, నౌకా వ్యాపారి లారెన్స్ హోల్ట్‌తో కలిసి ఔట్‌వర్డ్ బౌండ్ అనే సాహస శిక్షణ బడి మొదలుపెట్టాడు. యుద్ధకాలంలో కుర్ర నావికులకు ఒంటి బలంతో పాటు మనసు గట్టిదనం కూడా రావాలన్నది వాళ్ల ఉద్దేశం. 1971లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో మొదలైన ప్రాజెక్ట్ అడ్వెంచర్ ఇలాంటి అనుభవాలను మామూలు బడి చదువులోకి తెచ్చింది. “ఛాలెంజ్ బై చాయిస్” అనే మాట బాగా వ్యాప్తిలోకి వచ్చింది వాళ్ల వల్లే. ఎంతవరకు ప్రయత్నించాలో ఎక్కే మనిషే తేల్చుకోవాలి, ఇంకెవరూ కాదు అని దాని అర్థం. ఈ రోజంతా మీరు గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఇదే.

మొదటి అడుగు: ఎందుకు వెళ్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి

“టీమ్ బిల్డింగ్ కోసం” అని రాస్తే చాలదు. ఆ మాటలో మీ టీమ్ కనిపించదు. ఇలా ఉండాలి: “కొత్తగా చేరినవాళ్లు మీటింగ్‌లలో నోరు విప్పడం లేదు.” “రెండు విభాగాలు కలిపేశారు, ఒకరి పని ఒకరికి తెలియదు.” “తప్పు జరిగితే చివరి నిమిషం దాకా దాచేస్తున్నాం.” ఒంటరిగా వెళ్తున్నవాళ్లైతే: “సాయం అడగాలంటే నాకు నామోషీగా ఉంటుంది.” “మొదలుపెట్టినదాన్ని భయం వేయగానే వదిలేస్తాను.”

ఈ వాక్యం ఉంటే ఆ రోజును నడిపించే ఫెసిలిటేటర్ ఏ ఎలిమెంట్ (కోర్స్‌లోని ఒక్కో అంశం) పెట్టాలో, దిగాక ఏం అడగాలో ఎంచుకోగలుగుతారు. అది లేకపోతే సరదాగా గడిచిన ఒక రోజు మిగులుతుంది. అదీ చెడ్డదేం కాదు, కానీ దానికి ఈ మార్గదర్శి అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. ఇద్దరి మధ్య పాత కక్షలు ఉంటే, ఎత్తు మీద కలిసి ఎక్కితే కలిసిపోతారని ఆశపడకండి. ఒకరి ప్రాణం ఇంకొకరి చేతిలో పెట్టే ముందు వాళ్ల మధ్య కనీసపు నమ్మకం ఉండాలి. అలాంటి గొడవలకు ముందు కూర్చుని మాట్లాడుకోవడమే దారి. ఒక్క రోజు నుంచి ఆశించాల్సింది కూడా హద్దులోనే ఉండాలి. సాహస కార్యక్రమాలపై వచ్చిన 96 అధ్యయనాలను 1997లో జాన్ హాటీ బృందం కలిపి పరిశీలించింది. మేలు జరుగుతోందనీ, దానిలో చాలా భాగం తర్వాత కూడా నిలుస్తోందనీ తేల్చింది. అయితే వాటిలో చాలావరకు రోజుల తరబడి, వారాల తరబడి సాగిన కార్యక్రమాలు, ఎక్కువ రోజులు సాగినవాటికే ఫలితం ఎక్కువ. ఒక్క పూట తాళ్ల మీద గడిపితే తలుపు తెరుచుకుంటుంది. లోపలికి నడవాల్సింది ఆ తర్వాతి వారాల్లో.

రెండో అడుగు: చోటు ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి

ఇక్కడ మొహమాటపడకండి. మంచి నిర్వాహకులు ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబు చెబుతారు. విసుక్కుంటే ఇంకో చోటు వెతుక్కోండి.

కోర్స్ ఏ ప్రమాణాల ప్రకారం కట్టారని అడగండి. అమెరికాలో 1993లో ఏర్పడిన ఏసీసీటీ అనే రోప్స్ కోర్స్ సంఘం ప్రమాణాలు, యూరప్‌లో ఈఎన్ 15567 అనే ప్రమాణం ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. బయటి నిపుణుడు ఆఖరిసారి ఎప్పుడు తనిఖీ చేశారో అడగండి. ఏడాది దాటి ఉంటే వద్దు. రోజూ ఉదయం సిబ్బంది చేసే తనిఖీ పుస్తకం చూపించమనండి. ప్రతి తాడుకీ, హార్నెస్‌కీ వాడకం మొదలైన తేదీ రాసి ఉంచుతారా అని కూడా కనుక్కోండి. బట్టతో చేసిన పరికరాలు ఎండకీ, చెమటకీ, రాపిడికీ వయసు పోసుకుంటాయి. పైకి బాగానే కనిపించినా వాటికి ఆయుష్షు ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: “పైన ఒకరు కదలలేకపోతే ఎన్ని నిమిషాల్లో కిందికి దించుతారు? ఎవరు దించుతారు?” హార్నెస్‌లో కదలకుండా వేలాడుతూ ఉండిపోతే కాళ్లలో రక్తం నిలిచిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. కాబట్టి “ఫైర్ సర్వీస్‌కి ఫోన్ చేస్తాం” అనే జవాబు సరిపోదు. రెస్క్యూ చేయగలిగిన మనిషి, దానికి కావాల్సిన తాడు, సంచీ అక్కడే సిద్ధంగా ఉండాలి.

పైన భద్రత ఎలా ఇస్తారో కూడా ముందే తెలుసుకోండి, ఎందుకంటే దాన్ని బట్టే టీమ్‌వర్క్ స్వరూపం మారిపోతుంది. కొన్ని చోట్ల ప్రతి మనిషికీ రెండు కొక్కేల లాన్యార్డ్ (హార్నెస్‌కు కట్టే పొట్టి తాడు) ఇస్తారు, ఎవరి దారి వాళ్లు తగిలించుకుంటూ పోతారు. కొన్ని చోట్ల ఒకసారి తగిలిస్తే చివరిదాకా ఊడని పద్ధతి ఉంటుంది. ఇంకొన్ని చోట్ల కింద నిలబడ్డ బిలేయర్ తాడు పట్టుకుంటారు, ఇలా తాడు పట్టి కాపాడటాన్ని బిలే అంటారు. మొదటి రెండూ సొంత ధైర్యానికి బాగుంటాయి. టీమ్ కోసం వెళ్తుంటే మూడోదే ఎంచుకోమంటాను. మన బరువు ఇంకొకరి చేతుల్లో ఉందన్న ఎరుక వేరే దేనితోనూ రాదు.

మూడో అడుగు: వారం ముందు

ఆరోగ్య వివరాల ఫారం ముందే పంపించి, గోప్యంగా తిరిగి తీసుకోండి. గుండె జబ్బు, మూర్ఛ, ఈమధ్యే జరిగిన ఆపరేషన్, భుజం తరచూ జారడం, నడుం నొప్పి, గర్భం ఇవేవైనా ఉంటే డాక్టర్‌ను అడగకుండా ఎక్కకూడదు. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ దగ్గరే ఉంచుకోవాలి. హార్నెస్‌లకు బరువు పరిమితి, నడుం కొలత పరిమితి ఉంటాయి. ఆ అంకెలు ముందే అందరికీ తెలియజేస్తే, నలుగురి ముందు ఎవరూ ఇబ్బంది పడాల్సిన పని ఉండదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ నమ్మకం ఇక్కడినుంచే మొదలవుతుంది.

బట్టలు వదులుగా కాకుండా, కదలడానికి వీలుగా ఉండాలి. వేళ్లు కప్పే బూట్లు తప్పనిసరి. ఉంగరాలు, గాజులు, గొలుసులు, వేలాడే చెవిపోగులు ఇంట్లోనే వదిలేయండి. పొడవు జుట్టు ముడేసుకోవాలి. ఫోన్ జేబులో పెట్టుకుని ఎక్కవద్దు, జారి పడితే కింద ఉన్నవాళ్ల తల మీద పడుతుంది.

టీమ్ లీడర్ రాసే మెసేజ్‌లో ఒక మాట స్పష్టంగా ఉండాలి: ఎక్కడం తప్పనిసరి కాదు, ఎక్కకపోయినా ఆ రోజు వాళ్లకు ముఖ్యమైన పని ఉంటుంది, ఇక్కడ ఎవరు ఏం చేశారన్నది పనితీరు మదింపులోకి రాదు. లీడర్ ఈ మాట రాసి నిలబెట్టుకోలేకపోతే ఆ టీమ్‌ను తీసుకెళ్లకపోవడమే మంచిది. బలవంతంగా వచ్చిన మనిషి పైన నేర్చుకునేది ఒక్కటే, ఇక్కడ “వద్దు” అనే వీలు లేదని.

నాలుగో అడుగు: ఉదయమంతా నేలమీదే

చాలామంది ఈ భాగం త్వరగా ముగించి పైకి పోదామంటారు. దయచేసి ఒప్పుకోకండి. సగం రోజు ఉంటే అందులో మూడో వంతైనా నేలమీద గడవాలి.

వలయంగా నిలబడి ఒక ఒప్పందం చేసుకోండి. పెద్ద పెద్ద మాటలు వద్దు, చేతల్లో కనిపించేవి చాలు. “ఎవరైనా ‘ఆపు’ అంటే వెంటనే ఆపేస్తాం, కారణం అడగం.” “పైన ఉన్నవాళ్లను ఎగతాళి చేయం, ఫొటోలు అడగకుండా తీయం.” “సలహా ఇచ్చే ముందు కావాలా అని అడుగుతాం.” అందరూ తలూపితే సరిపోదు, ఒక్కొక్కరూ తమ నోటితో చెప్పాలి.

తర్వాత ప్రతి ఒక్కరూ ఒక వాక్యం పూర్తి చేయాలి: “నాకు భయం వేసినప్పుడు నేను… చేస్తాను. అప్పుడు మీరు నాకు… చేస్తే మేలు.” ఒకరు భయం వేస్తే గలగలా మాట్లాడతారు, ఒకరు బిగుసుకుపోతారు, ఒకరికి కోపం వస్తుంది. ఒకరికి చప్పట్లు కావాలి, ఇంకొకరికి నిశ్శబ్దం కావాలి. ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చుని పనిచేసినవాళ్లకు కూడా ఇది తెలియదని ప్రతిసారీ గమనిస్తుంటాను. ఈ పది నిమిషాల్లో తెలిసేది ఆ తర్వాత ఆఫీసులో డెడ్‌లైన్ ముంచుకొచ్చిన రోజున కూడా పనికొస్తుంది.

ఇక లో రోప్స్. నేలకు అడుగో రెండడుగులో ఎత్తులో ఉండే తీగలివి. ఇక్కడ తాడు ఉండదు, పక్కన నిలబడ్డవాళ్ల చేతులే రక్షణ. పడేవాళ్లను కాచుకోవడాన్ని స్పాటింగ్ అంటారు. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక, మోకాళ్లు కొంచెం వంచి, చేతులు పైకి లేపి, చూపు ఎక్కినవాళ్ల నడుం, భుజాల మీద ఉంచాలి. బొటనవేళ్లు మిగతా వేళ్లకు ఆనించి ఉంచాలి, లేకపోతే బెణుకుతాయి. మనిషిని పట్టుకుని ఆపేయడం స్పాటింగ్ పని కాదు, తల, వెన్ను నేలకు తగలకుండా కాస్తూ మెల్లగా దించడం దాని పని.

రెండు తీగలు ఒక చోట దగ్గరగా మొదలై, పోనుపోను దూరమయ్యే ఎలిమెంట్ ఒకటి ఉంటుంది. తీగకొకరు నిలబడి, అరచేతులు కలిపి, ఒకరి మీదికి ఒకరు వాలుతూ ముందుకు పోవాలి. దూరం పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ బరువు ఎదుటివాళ్ల మీద వేయాలి. భయపడి బరువు వెనక్కి తీసుకున్న మరుక్షణం ఇద్దరూ పడిపోతారు. పూర్తిగా వాలితేనే నిలుస్తారు. ఒక్క ఎలిమెంట్‌కే సమయం ఉందంటే నేను దీన్నే పెడతాను.

ఐదో అడుగు: పరికరాలు మీ చేతులతో చూసుకోండి

సిబ్బంది తొడుగుతారులే అని ఊరుకోకండి. హార్నెస్ నడుం పట్టీ తుంటి ఎముకలకు పైన ఉండాలి, గట్టిగా లాగినా కిందికి జారకూడదు. తొడ పట్టీల్లోకి చెయ్యి చదునుగా దూరాలి, పిడికిలి దూరకూడదు. పట్టీలు ఎక్కడా మెలిక పడకూడదు. హెల్మెట్ నుదుటిని కప్పాలి, కనుబొమల పైన రెండు వేళ్లకు మించి ఖాళీ వదలకూడదు. తల అటూ ఇటూ ఊపినా అది కదలకూడదు.

తాడును హార్నెస్‌కు తగిలించే లోహపు కొక్కెం కారబినర్. దాని పక్కన “22 కేఎన్” లాంటి అంకె ముద్రించి ఉంటుంది. 22 కిలోన్యూటన్లంటే సుమారు 2,200 కిలోల బరువు లాగినంత బలం. అయితే ఆ అంకె గేటు మూసి, పొడవు దిక్కున లాగినప్పటిది. గేటు తెరిచి ఉంటే బలం దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. అందుకే గేటు లాక్ అయిందో లేదో చూసి సరిపెట్టుకోకండి, వేళ్లతో నొక్కి చూడండి.

జంటలుగా విడిపోయి ఒకరినొకరు తనిఖీ చేసుకోండి. పైనుంచి కిందికి, ఎప్పుడూ ఒకే వరసలో: హెల్మెట్, నడుం పట్టీ, తొడ పట్టీలు, ముడి, కారబినర్. చూస్తూ పైకి చెప్పాలి, ముట్టుకుని చూడాలి. పట్టీలు ముట్టుకునే ముందు “చూడనా?” అని అడగండి. ఆ తర్వాత సిబ్బంది ఇంకోసారి చూస్తారు. రెండు తనిఖీలూ అయ్యాకే నిచ్చెన మీద కాలు.

ఎక్కేముందు జరిగే పిలుపులు కూడా ఈ తనిఖీలో భాగమే. ఎక్కేవారు “ఆన్ బిలే?” అని అడుగుతారు. తాడు పట్టుకున్నవారు “బిలే ఆన్” అంటారు. “క్లైంబింగ్” అని ఎక్కేవారు చెబుతారు, “క్లైంబ్ ఆన్” అని జవాబు వచ్చేదాకా కదలరు. అడగడం, జవాబు కోసం ఆగడం, విన్నాకే పనిలోకి దిగడం. మీ టీమ్‌లో పని ఒకరి నుంచి ఒకరికి చేతులు మారేటప్పుడు ఈ నాలుగు పిలుపుల్లో ఏది లోపిస్తోందో సాయంత్రం అడుగుతాను, అందుకే ఇక్కడ శ్రద్ధగా చేయిస్తాను.

ఆరో అడుగు: ఎక్కేటప్పుడు

ఎక్కేముందు మీ లక్ష్యం తాడు పట్టుకున్నవారికి చెప్పండి. “పైదాకా” అనే ఒక్క మాటకు బదులు మూడు మెట్లుగా చెప్పడం మంచిది: తప్పకుండా చేరగలననుకునేది, కష్టపడితే చేరగలిగేది, కుదిరితే చూద్దామనుకునేది. ఐదో మెట్టు ఎవరికైనా మొదటి లక్ష్యమైతే, అక్కడికి చేరినప్పుడు అది గెలుపే.

బరువు కాళ్ల మీద పెట్టండి. భయం వేయగానే చేతులతో స్తంభాన్ని వాటేసుకుంటాం, రెండు నిమిషాల్లో ముంజేతులు బిగుసుకుపోతాయి. మోకాలు పైకి తెచ్చి, పాదం గట్టిగా ఆనించి, కాలితో లేవండి. మూడు చోట్ల ఆధారం ఉంచుకుని నాలుగోదాన్నే కదపండి. తీగ మీద నడిచేటప్పుడు పాదాలను చూస్తూ ఉంటే ఊపు పెరుగుతుంది. ఎదురుగా ఉన్న స్తంభం మీద ఒక గుర్తు ఎంచుకుని దాన్నే చూడండి. లాన్యార్డ్ వాడే చోట ఒకే నియమం: ఒక కొక్కెం తీసే ముందు రెండోది తగిలి ఉండాలి.

కాళ్లు కుట్టుమిషన్‌లా వణకడం మొదలైతే అది పిరికితనం కాదు, మునివేళ్ల మీద ఎక్కువసేపు నిలబడ్డ కండరాల అలసట. మడమ దించండి, తగ్గుతుంది. ఊపిరి బిగబట్టి ఉంటారు, ముందు బయటికి వదలండి. నెమ్మదిగా, పీల్చినదానికన్నా ఎక్కువసేపు. ఆపై “నేను ఆగాను” అని కిందికి చెప్పండి. తాడు బిగించమని అడిగి, ఒకసారి హార్నెస్‌లో కూర్చుని చూడండి. తాడు మోస్తోందని తలకు చెబితే చాలదు, ఒంటికి అనుభవంలోకి రావాలి. నేనైతే ప్రతివారినీ రెండు మీటర్ల ఎత్తులోనే ఒకసారి చేతులు వదిలి వేలాడమంటాను. పైకి వెళ్లాక ఆ జ్ఞాపకం పనిచేస్తుంది.

మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో రాసినట్టు, ‘నేను చేయగలను’ అన్న నమ్మకం నాలుగు చోట్ల నుంచి వస్తుంది: స్వయంగా చేసి గెలవడం, మనలాంటివాళ్లు చేయడం చూడటం, ఎదుటివాళ్ల మాటలు, మన ఒంటి సంకేతాలను మనం అర్థం చేసుకునే తీరు. అన్నిటికన్నా గట్టిది మొదటిది. ఈ కోర్స్‌లో నాలుగూ ఒకే గంటలో దొరుకుతాయి. గుండె దడను “నేను పడిపోతాను” అని చదవాలా, “ఒళ్లు సిద్ధమవుతోంది” అని చదవాలా అన్నది అభ్యాసం మీద వస్తుంది. వాటిలో రెండోది పనిచేయాలంటే, బాగా ఎక్కగలవారిని మొదట పంపకండి. కాస్త భయపడుతూ వెళ్లేవారు ముందు వెళ్తే మిగతావారికి “నేనూ చేయొచ్చు” అనిపిస్తుంది.

ఏడో అడుగు: కింద ఉన్నవాళ్ల పని

నా తొలి రోజుల్లో చేసిన ఒక తప్పు ఇక్కడ చెప్పాలి. స్తంభం మధ్యలో ఒకావిడ ఆగిపోయారు. దిగుతానని నెమ్మదిగా అన్నారు. నేను ఆ మాట వినిపించుకోకుండా, కింద ఉన్న అందరితో కలిసి “నువ్వు చేయగలవు, ఇంకొంచెమే” అని చప్పట్లు కొట్టించాను. ఆవిడ పైకి చేరారు. అందరూ కేరింతలు కొట్టారు. దిగాక వలయంలో కూర్చున్నప్పుడు ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. చివర్లో విడిగా నాతో అన్నారు: “నేను దిగుతానని రెండుసార్లు చెప్పాను. ఎవరికీ వినపడలేదు.” పైకి చేరినా ఆవిడకు ఆ రోజు మిగిలింది అదే. ఆ తర్వాత నేను చప్పట్లతో తరమడం పూర్తిగా మానేశాను.

కాబట్టి కింద ఉన్నవాళ్లు ముందు అడగాలి: “నీకేం కావాలి? సలహానా, మాటలా, నిశ్శబ్దమా?” సలహా ఇచ్చేది ఒక్కరే కావాలి, ఆరు గొంతులు ఒకేసారి వద్దు. చెప్పేది కూడా కచ్చితంగా ఉండాలి. “భయపడకు” అంటే ఏం చేయాలో తెలియదు. “కుడిచేతికి మూరెడు పైన పట్టు ఉంది” అంటే తెలుస్తుంది. “దిగుతాను” అని వినపడితే “సరే, దించుతున్నాం” తప్ప ఇంకో జవాబు లేదు. ఆగడం వేరు, మానేయడం వేరు కాబట్టి, “ఒక నిమిషం అక్కడే ఊపిరి తీసుకుని చూస్తావా, ఇప్పుడే దించమంటావా?” అని ఒక్కసారి మాత్రం అడగవచ్చు. రెండోసారి అడిగితే అది ఒత్తిడే.

బిలే పద్ధతుల్లో టీమ్‌కు చాలా మంచిది ఒకటుంది. ఎక్కేవారి తాడు పైనున్న కప్పీ మీదుగా కిందికి వస్తుంది. నలుగురైదుగురు తమ హార్నెస్‌లకు ఆ తాడు తగిలించుకుని, ఎక్కేవారు పైకి పోతుంటే వెనక్కి నడుస్తూ, దిగుతుంటే ముందుకు నడుస్తారు. ఇందులో ఒక్కరు పరధ్యానంగా ఉన్నా మిగతావారికి వెంటనే తెలిసిపోతుంది. ఎత్తుకు వెళ్లడం ఇష్టం లేనివాళ్లకు ఇది సరైన చోటు. శిక్షణ పొందిన సిబ్బంది మాత్రం పక్కనే ఉండాలి.

ఎనిమిదో అడుగు: ఏ ఎలిమెంట్ దేనికి

స్తంభం చివర నిలబడి గాల్లోకి దూకి ఎదురుగా వేలాడే బంతిని తాకే ఎలిమెంట్ ఒంటరి నిర్ణయానికి పనికొస్తుంది. ఎవరూ మీ బదులు దూకలేరు. దూకే ముందు క్షణం గురించి తర్వాత చాలా మాట్లాడుకోవచ్చు. మూడు తాళ్ల వంతెన, ఒంటి తీగ నడక, వేలాడే తాళ్లను ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటూ వెళ్లే దారి ఇవి ఓర్పును, చూపు నిలపడాన్ని నేర్పుతాయి. జిప్‌లైన్ సరదా. రోజు చివర్లో ఒంట్లోని బిగువు వదలడానికి బాగుంటుంది, అంతకుమించి దాని నుంచి ఆశించవద్దు.

ఇద్దరి పొత్తు కావాలంటే పెద్ద నిచ్చెన. లావైన దుంగలు మెట్లుగా వేలాడుతుంటాయి, పైకి పోయేకొద్దీ వాటి మధ్య దూరం పెరుగుతుంది, మొత్తం నిచ్చెన ఊగుతుంటుంది. మొదటి మెట్టు ఎవరైనా ఒంటరిగా ఎక్కేస్తారు. మూడోది ఎక్కాలంటే ఒకరి తొడ మీద కాలు పెట్టాలి, ఒకరి చెయ్యి పట్టి లాగాలి. ఇక్కడ తేలేవి ఎన్నో. బలమైనవారు ముందు ఎక్కి చెయ్యి అందిస్తారా, కింద ఉండి భుజం ఇస్తారా? “నా భుజం నొప్పెడుతోంది” అని చెబుతారా, పళ్లు బిగబట్టి మోస్తారా? మేనేజర్, కొత్తగా చేరినవారు జంటగా ఎక్కితే సూచనలు ఎవరు ఇస్తారు? ఒకసారి అలాంటి జంటలో కొత్త కుర్రాడు “సార్, మీరు ముందు ఎడమ మోకాలు పెట్టండి, నేను నెడతాను” అన్నాడు. ఆయన అలాగే చేశారు. కింద చూస్తున్న టీమ్‌కు ఆ దృశ్యం ఎన్ని మీటింగ్‌లు పెట్టినా దొరికేది కాదు.

తొమ్మిదో అడుగు: దిగాక కూర్చోండి

హార్నెస్‌లు తీశాక, నీళ్లు తాగాక, ఫొటోలూ ఫోన్లూ బయటికి రాకముందే వలయంగా కూర్చోండి. కనీసం నలభై నిమిషాలు. రోజులో నేను ఎప్పుడూ తగ్గించనిది ఇదొక్కటే. వాన వచ్చి ఒక ఎలిమెంట్ పోయినా ఫర్వాలేదు, ఇది పోకూడదు.

1970లో టెర్రీ బోర్టన్ అనే విద్యావేత్త ప్రతిపాదించిన మూడు ప్రశ్నలు ఇప్పటికీ ఇలాంటి చోట్ల వాడతారు: ఏం జరిగింది, అయితే ఏమిటి, ఇప్పుడేం చేద్దాం. ఈ వరస మార్చవద్దు.

మొదట జరిగింది మాత్రమే. “నువ్వు ధైర్యంగా ఉన్నావు” అన్నది తీర్పు. “నువ్వు నాలుగో మెట్టు దగ్గర ఆగి, తాడు బిగించమని అడిగి, తర్వాత ఎక్కావు” అన్నది జరిగింది. పైన ఉన్నవారికి ఏ మాట అందింది, ఏది అందలేదు అని అడగండి. కింద ఉన్నవారిని “ఎప్పుడు ఏం చేయాలో తోచలేదు?” అని అడగండి.

తర్వాత అర్థం. “సాయం అడగడానికి ఎంతసేపు పట్టింది? అడగకముందు నీలో నువ్వు ఏమనుకున్నావు?” ఈ ప్రశ్న తర్వాత మౌనం వస్తే నింపేయకండి. పది సెకన్లు ఆగండి, ఇరవై ఆగండి. అసలైన మాటలు ఆ మౌనం తర్వాతే వస్తాయి. లీడర్ చివర్లో మాట్లాడాలి. మొదట మాట్లాడితే మిగతావాళ్లు ఆ మాటకే వంతపాడతారు. అయితే లీడర్ తన భయం గురించి నిజం చెప్పడం చాలా అవసరం. “నాకు భయం వేసింది, దిగిపోదామనుకున్నాను” అని లీడర్ అన్నాక వలయంలో భుజాలు కిందికి దిగడం కంటికి కనిపిస్తుంది.

మాట్లాడటం ఇష్టం లేనివారు “పాస్” అనవచ్చు. పైన వర్తించిన సూత్రం ఇక్కడా వర్తిస్తుంది.

చివరిది, ఇప్పుడేం చేద్దాం. మొదటి అడుగులో రాసుకున్న వాక్యం బయటికి తీయండి. “ఇకమీద బాగా మాట్లాడుకుందాం” లాంటివి వద్దు. ఒక టీమ్ ఇలా రాసుకుంది: పని అప్పగించేవారు “అందిందా?” అని అడగాలి, తీసుకునేవారు ఎప్పటికి అవుతుందో చెప్పాలి, ఆ జవాబు వచ్చేదాకా పని అప్పగించినట్టు కాదు. తాళ్ల దగ్గర నేర్చుకున్న పిలుపులే అవి. ఇంకో టీమ్ “తాడు బిగించండి” అనే మాటనే తీసుకెళ్లింది. ఎవరైనా పనిలో మునిగిపోతుంటే ఆ రెండు పదాలు పంపితే చాలు, పక్కవాళ్లు పది నిమిషాల్లో ఫోన్ చేస్తారు.

పదో అడుగు: తర్వాతి వారాలు

మర్నాడు ప్రతి ఒక్కరూ తమకోసం నాలుగు వాక్యాలు రాసుకోవాలి: ఎక్కడ ఆగాను, ఏది కదిలించింది, ఎవరి ఏ మాట సాయపడింది, ఈ వారం పనిలో అలాంటి ‘ఐదో మెట్టు’ ఏది. ఒంటరిగా వెళ్లినవాళ్లకు ఇది మరీ అవసరం, గుర్తుచేయడానికి టీమ్ ఉండదు కదా.

రెండు వారాల తర్వాత పావుగంట కలవండి. రాసుకున్న ఒక్క ఒప్పందం గురించే మాట్లాడండి: ఎన్నిసార్లు పాటించాం, ఎక్కడ జారింది. జారితే మాట మార్చి తేలిక చేయండి, వదిలేయవద్దు. ఆరు వారాలకు ఇంకోసారి. అప్పటికి టీమ్‌లోకి కొత్తవాళ్లు వచ్చి ఉంటే, “తాడు బిగించండి” అంటే ఏమిటో వాళ్లకు చెప్పే పని, ఆ రోజు కిందే ఉండి తాడు పట్టుకున్నవారికి ఇవ్వండి.